లేపు అన్న మాట

పోయిన వారం జమునను తలుపు చాటున నిలబెట్టి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవారికి నాలుగు ముక్కల్లో సంగతి ఇది. మెట్‌పల్లి శివార్లలోని ఓ డాబా ఇంటి కోడలు జమున. భర్త రాజం మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు. ఇంట్లో ఉండేది అత్త పోశవ్వ, కూతురు హర్షిణి. బీడీలు చుట్టే చేతుల్లోకి ఫోన్ వచ్చింది, ఫోన్‌లోకి కాల్పుల ఆట వచ్చింది, ఆ పైన జమున ఇంట్లో ఉండి కూడా లేనిదైపోయింది. మామ గంగారాం ఎవరైనా ఆసరా ఇస్తే తప్ప మంచం దిగలేని మనిషి, దిండు పక్కన చిన్న ఫోన్ ఒకటి పెట్టుకునేవాడు. పోశవ్వ మనవరాలిని తీసుకుని బాసర పోయిన ఒక మధ్యాహ్నం ఆయన తనంతట తాను దిగబోయి పడ్డాడు. గడప తలకు కొట్టుకుంది. ఆసుపత్రి దాకా కూడా పోలేదు ప్రాణం.

ఆ వేళ తాను బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయానని జమున అందరికీ చెప్పింది. అది అబద్ధం. ఆమె పక్క గదిలోనే ఉంది. ఆయన పిలిచాడు. ఈ ఒక్క ఆట కానిచ్చి పోదామనుకుంది. ఆట అయ్యేసరికి అంతా అయిపోయింది. ఆ సంగతి ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్ళు ఎక్కడో దూరాన ఉన్నారు. వాళ్ళ ముఖాలు కూడా ఆమె ఎన్నడూ చూడలేదు. ఆటలో ఆమె జట్టువాళ్ళు.

తలుపు బయట నుంచి పోశవ్వ కోడలి మాటలు వినడం, కొడుక్కి ఫోన్ చేయడం, తండ్రి చస్తే దొరకని సెలవు పెళ్ళాం మీద అనుమానానికి దొరికి రాజం హఠాత్తుగా దిగడం, న్యాయం చెప్పడానికి ఇచ్చోడ నుంచి మేనత్త గంగుబాయి బస్సు దిగడం, అక్కడికి ఆగాం. ఇక ఆదివారం పొద్దున, టిఫిన్లు కూడా కాకముందే, పంచాయితీ మొదలైంది.

హాల్లో చాప పరిచారు కానీ గంగుబాయి చాప మీద కూర్చోలేదు. ఫ్యాను కింద కుర్చీ వేయించుకుని, గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకుని, చాయ్ గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. చనిపోయిన గంగారాంకు సొంత అక్క ఆమె. ఆదిలాబాద్ వైపు ఇచ్చి చాలా కాలమైంది, మాటలో మరాఠీ కలిసిపోయింది. అయినా ఈ ఇంట్లో ఆమె లేకుండా ఒక పెళ్ళి కుదరలేదు, ఒక గొడవ తీరలేదు. తమ్ముడు పోయిననాడు వచ్చి తల దగ్గర కూర్చుంది. ఏడవలేదు. ఆ వేళ ఇంట్లో ఎవరున్నారని మాత్రం అడిగింది. ఎవరూ లేరని పోశవ్వే జవాబు చెప్పింది. ఆ రోజు నుంచి జమున ఆ ముసలామె కళ్ళలోకి చూడలేదు.

"జమునా, గిట్ల రా బిడ్డా," అని పిలిచింది గంగుబాయి. "తలుపు ఏమన్న పడిపోతదా, పట్టుకొని నిలబడ్డవ్?"

జమున వచ్చి చాప అంచున కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రాజం ఫోన్ లాక్కున్న దగ్గర నుంచి ఆమె బొటనవేళ్ళు వాటంతట అవే కదులుతున్నాయి. తునికాకు కత్తిరిస్తున్నా, అన్నం కలుపుతున్నా, అద్దం మీద జారినట్టు గాలిలో జారుతున్నాయి. కుక్కర్ విజిల్ వేస్తే ఉలిక్కిపడుతోంది. కళ్ళు మూసుకుంటే పచ్చగడ్డి మైదానం, దూరంగా ఒక తుపాకీ చప్పుడు, తన కోసం వెతుకుతున్న గొంతులు.

రాజం కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. అతని చేతిలో అతని ఫోన్ ఉంది. చప్పుడు లేకుండా వీడియోలు ఒకటి తర్వాత ఒకటి పైకి తోస్తున్నాడు. ఎవరో డ్యాన్సు చేస్తున్నారు, ఎవరో చేపలు కోస్తున్నారు, ఎవరో ఏడుస్తున్నారు. ఏదీ చూడటం లేదు. ఊరికే తోస్తున్నాడు. వచ్చిన దగ్గర నుంచి అంతే. అన్నం దగ్గర అంతే, పడక మీద అంతే.

మస్కట్ పోయిన కొత్తలో అతను రోజూ వీడియో కాల్ చేసేవాడు. తర్వాత తర్వాత ఆ కాల్‌లో మాటలు అయిపోయాయి. తిన్నావా అంటే తిన్నా. పాప ఏం చేస్తోంది అంటే పడుకుంది. ఆ మీదట ఇద్దరూ ఫోన్ పట్టుకుని చూస్తూ ఉండేవాళ్ళు, ఒకరినొకరు కాదు, తెర మూలన చిన్నగా కనపడే తమ ముఖాల్ని తాము. కొన్నాళ్ళకు అదీ పలచబడింది. అప్పుడే జమునకు ఆట దొరికింది. ఆ ఆటలో గుండు తగిలితే వెంటనే చావరు. మోకాళ్ళ మీద పడిపోతారు. ఆ పడిపోయినవాళ్ళను జట్టులో ఒకరు వచ్చి, పక్కన కూర్చుని, చెయ్యి పట్టి లేపాలి. ఆలస్యమైతే చచ్చినట్టు. జమున మొదటిసారి పడ్డప్పుడు ఎవడో పేరు తెలియనివాడు తూటాల వానలో మైదానం దాటి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆమె కోసం ఎవరైనా అట్లా పరుగెత్తుకు రావడం అదే మొదలు. ఆ రోజు ఆమె ఫోన్ కింద పెట్టలేదు. ఆ తర్వాత కూడా పెట్టలేదు.

గంగుబాయి చెప్పమంది కాబట్టి పోశవ్వ చెప్పింది. ఆమె చెడ్డది కాదు. కోడలు అన్నం మాడబెడుతోందని, బడి బస్సు దిగిన హర్షిణి రోడ్డు మీద ఏడుస్తూ నిలబడితే కూడా పోవడం లేదని కొంతకాలంగా చూస్తూనే ఉంది. నోరు తెరవలేదు. మొగుడు దూరాన ఉన్న ఆడది, పోనీలే అనుకుంది. కానీ ఆనాడు చాట కోసం పోయి మూసిన తలుపు వెనుక విన్న మాటలు ఆమెకు నిద్ర పట్టనివ్వలేదు.

"'నన్ను లేపు, జల్ది లేపు' అన్నది, వదినే. 'నేను ఇంక గీడ ఉండలేను, నువ్వు రాకుంటె పాణం పోతది' అన్నది. నా చెవులతోని ఇన్న. అవుతల మొగోని గొంతు. 'వస్తున్నా, కదలకు' అన్నడు."

పోశవ్వ ఆ మాటలు చెబుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్ళయిన ఆడది తలుపు మూసుకుని ఒక మగవాణ్ణి తనను లేపమంటే మెట్‌పల్లిలో దానికి రెండో అర్థం లేదు. ఏ కిరాణా కొట్టు దగ్గర నిలబడ్డా ఎవరి పెళ్ళాన్ని ఎవరు లేపుకుపోయారో ఒక కథ వినపడుతుంది. పోశవ్వ కొడుక్కి ఫోన్ చేసి చెప్పింది కూడా ఆ మాటే. నీ పెండ్లాన్ని ఎవడో లేపుకపోతుండు, వస్తె రా, లేకుంటె లేదు.

గంగుబాయి జమున వైపు తిరిగింది. అన్నావా అని అడిగింది. జమున తల ఊపింది. ఎవరతను అని గంగుబాయి అడిగింది. ఏ ఊరు అని అడిగింది. జమున చాప అల్లికలో లేచిన ఒక పుల్లను వేలితో నొక్కుతూ కూర్చుంది.

ఒక్క మాటతో తేలిపోయే సంగతి. అది ఆట, లేపడమంటే ఆటలో లేపడం అంటే అయిపోతుంది. కానీ ఆట అని చెబితే ఫోన్ తెరవమంటారు. ఫోన్ తెరిస్తే వాళ్ళు వస్తారు. వాళ్ళకు ఆ మధ్యాహ్నం తెలుసు. ఆ రోజు ఆ ఆట కాగానే ఆమె ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయిందనీ, తర్వాత చాలా రోజులు రాలేదనీ తెలుసు. వాళ్ళు ఏ మాట ఎట్లా అంటారో ఆమె చేతిలో లేదు. మగవాడున్నాడని ఒప్పుకుంటే ఇల్లు పోతుంది, హర్షిణి పోతుంది. ఆట అని ఒప్పుకుంటే ఆ ముసలాయనను చంపింది ఎవరో ఈ కుర్చీలో కూర్చున్న ఆయన అక్కకు తెలిసిపోతుంది. అప్పుడు కూడా హర్షిణి పోతుంది. ఎటు తిరిగినా గోడే. అందుకే జమున మూడు రోజులుగా నోరు విప్పలేదు.

"ఫోన్ అంత జూసిన అత్తా," అన్నాడు రాజం, తల ఎత్తకుండానే. "ఒక్క నంబర్ లేదు. ఒక్క ఫోటో లేదు, ఒక్క మెసేజ్ లేదు. గంత సాఫ్ జేసి పెట్టిందంటె ఎంత హుషారో సూడు."

ఆ మాట జమునకు అన్నిటికంటే లోపల తగిలింది. ఆమె ఏదీ తుడిచేయలేదు. ఆ ఫోన్‌లో ఎవరూ లేరు. పండగనాడు కూడా ఒక మెసేజ్ రాని ఫోన్ అది. ఆ ఖాళీని చూసి ఆమె మొగుడు దాన్ని తెలివి అనుకున్నాడు.

గంగుబాయి ఇంకోసారి అడిగింది, గొంతు తగ్గించి. పేరు చెప్పకపోయినా సరే, ఉన్నాడా లేడా, అంత చెప్పమంది.  జమునకు ఒక్క క్షణం ఉన్నాడని చెబుదామనిపించింది. తన కోసం ఒక మనిషి ఉన్నాడని నలుగురూ నమ్ముతున్నారు. ఎవరూ లేరని చెప్పడానికే సిగ్గుగా ఉంది.

ఆమె ఏమీ అనలేదు. అంతసేపు ఏమీ అనకపోవడాన్ని ఆ హాల్లో అందరూ ఒకే రకంగా అర్థం చేసుకున్నారు.

రాజం అప్పుడు ఫోన్ బోర్లించి పెట్టాడు. ముందే అనుకున్నట్టు చెప్పాడు. జమున తల్లిగారింటికి హుస్నాబాద్ పోతుంది. పాప ఇక్కడే ఉంటుంది, అవ్వ చూసుకుంటుంది. తీసుకుపోవడానికి బావమరిదిని రమ్మన్నాడు, దారిలో ఉన్నాడు. లొల్లి వద్దు, పోలీసులు వద్దు. గంగుబాయి ఆ మాటకు ఒప్పుకోలేదు, కాదననూ లేదు. గ్లాసు కింద పెట్టి, సంచి తాడు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. లోపలి గదిలో హర్షిణి హోంవర్కు పైకి చదువుతోంది. ఒకే వాక్యం మళ్ళీ మళ్ళీ చదువుతోంది. ఇక్కడి మాటలు వినపడకుండా ఉండటానికే అట్లా చదువుతోందని జమునకు తెలుసు.

బయట బండి ఆగింది. అరుణ్ లోపలికి వచ్చాడు.

జమున తమ్ముడికి హుస్నాబాద్‌లో విత్తనాల దుకాణం. పెళ్ళై ఇద్దరు పిల్లలు. నవ్వు ముఖం మనిషే కానీ ఆ పూట ముఖంలో నెత్తురు లేదు. బావకు దండం పెట్టాడు, గంగుబాయి కాళ్ళకు మొక్కాడు, అక్క పక్కన చాప మీద కూలబడ్డాడు. ఇంతకూ ఏం జరిగిందో తనకు ఎవరూ చెప్పలేదనీ, వెంటనే రమ్మన్నారంతేననీ అన్నాడు. పోశవ్వకు మళ్ళీ చెప్పక తప్పలేదు. తలుపు, గొంతు, లేపు, జల్ది లేపు, పాణం పోతది, వస్తున్నా కదలకు. మాట మాటకూ అంతా చెప్పింది.

అరుణ్ నవ్వాడు.

ఎవరూ నవ్వకూడని చోట వచ్చిన నవ్వు. ఆపుకోబోయి దగ్గాడు, చేత్తో నోరు మూసుకున్నాడు, అయినా భుజాలు కదిలాయి. రాజం కుర్చీలోంచి లేచాడు.

"బావా, జర ఆగు. కోపం జెయ్యకు," అన్నాడు అరుణ్. "గా లేపుడు గీ లేపుడు కాదు. నేను గూడ రోజు అంటనే ఉంట. మా దుకాణంల గిరాకి లేనప్పుడు నేను ఎందర్ని లేపిన్నో, నన్ను ఎందరు లేపిండ్రో. గది ఆట బావా."

జమున తమ్ముడి చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. అతను దాన్ని కృతజ్ఞత అనుకున్నాడు. ఇంకా హుషారుగా చెప్పుకుపోయాడు. పడిపోవడమంటే ఏమిటో, లేపడమంటే ఏమిటో, ఆలస్యమైతే ప్రాణం ఎట్లా పోతుందో, ఇక్కడ ఉండలేనంటే ఆ చోట తూటాలు పడుతున్నాయని అర్థమనీ. రాజం నమ్మలేదు. ఇంట్లో పిల్లలున్న ఆడది, ఇంత వయసు వచ్చినాక, కాల్పుల ఆట ఆడుతుందా అన్నాడు. ఫోన్‌లో ఆ ఆట బొమ్మ తానూ చూశాడు, హర్షిణిదనుకున్నాడు. అరుణ్ చెయ్యి చాచి, ఇటివ్వు బావా, ఆడి చూపెడతా, స్పీకర్ పెడతా, నీ చెవులతో నువ్వే విను అన్నాడు.

"వద్దురా అరుణ్," అంది జమున. మూడు రోజుల తర్వాత ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. "నన్ను తోలుకపో. పోదాం పా."

ఆ ఒక్క మాటతో రాజం జేబులోంచి ఆమె ఫోన్ తీసి అరుణ్ చేతిలో పెట్టాడు.

ఆట తెరుచుకుంది. ఆట మొదట్లో వచ్చే పాట మోగింది. జమున సిగ్గుపడింది, భయపడింది, అంతకంటే ఎక్కువగా, ఆ తెర తన చేతుల్లో లేనందుకు బాధపడింది. ఇల్లు కూలిపోతుంటే కూడా వేళ్ళు దాని కోసమే లాగుతున్నాయి. తన మీద తనకే అసహ్యం వేసింది. విమానంలోంచి బొమ్మ మనుషులు దూకుతుంటే గంగుబాయి కుర్చీ ముందుకు జరుపుకుంది. తలకు టోపీ, చేతిలో తుపాకీ ఉన్న ఆడబొమ్మను చూపించి ఇదెవరని అడిగింది.

"గది అక్కనే పెద్దమ్మా."

గంగుబాయి తెర వైపు చూసింది, నలిగిన చీరలో ఉన్న జమున వైపు చూసింది. "అగ బాయీ," అంది. "బాగనే ఉన్నది."

అప్పుడు గొంతు వచ్చింది. కోస్తా యాస, నిద్ర లేని గొంతు.

"రాణీ అక్కా, వచ్చావా? ఏమైపోయావ్? ఇన్ని రోజులూ నాకు ముద్ద దిగలేదు తెలుసా."

రాజం తెర మీదికి వంగాడు. ఆటలో జమున పేరు రాణి; తెర మీద ఆ గొంతు పక్కన పులి అని పేరు పడింది. భీమవరం దగ్గర ఐసు ఫ్యాక్టరీలో వాచ్‌మన్ అనీ, భార్య పుట్టింటికి పోయి రాలేదనీ ఒకసారి జమునతో అన్నాడు. ఎందుకు రాలేదని జమున అడగలేదు. ఆటలో అట్లాంటివి ఎవరూ అడగరు. అరుణ్ తాను అక్క తమ్ముణ్ణని చెప్పుకున్నాడు. అవతలి మనిషి సంతోషపడ్డాడు. అక్క తమ్ముడైతే నాకూ తమ్ముడే అన్నాడు.

అక్క అన్న మాట హాల్లో అందరికీ వినపడింది. రాజం మెల్లగా మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

అరుణ్ కావాలనే మైదానం మధ్యలోకి పరుగెత్తాడు. గుండు తగిలింది. ఆడబొమ్మ మోకాళ్ళ మీద పడిపోయింది. అరుణ్ గంగుబాయి వైపు కన్నుగీటి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, "అన్నా లేపు, జల్ది లేపు, గీడ ఉండలేను, పాణం పోతది," అన్నాడు.

"వస్తున్నా, కదలకు," అంది ఫోన్.

ఇంకో బొమ్మ గడ్డిలో పరుగెత్తుకుంటూ వచ్చింది, పక్కన కూర్చుంది, చెయ్యి పట్టింది. ఆడబొమ్మ లేచి నిలబడింది.

ముందు గంగుబాయి నవ్వింది. ఆమె నవ్వితే ఆ లావు ఒళ్ళంతా నవ్వుతుంది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి, సంచి కింద పడింది. "దీనికా పోశవ్వా," అంది ఊపిరి తీసుకుంటూ, "పోరన్ని సముద్రాలు దాటిచ్చి రప్పిచ్చినవ్? ఎవడు లేపుకపోయిండే నీ కోడల్ని? గీ బొమ్మనా?" పోశవ్వ నవ్వలేక, ఏడవలేక, నాకేం ఎరుక వదినే, చెవుల వడ్డది చెప్పిన అంటూ కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత జరిగి వచ్చి కోడలి వీపు మీద చెయ్యి వేసింది. ఎన్నో నెలల తర్వాత ఆ ఇంట్లో ఒకరి చెయ్యి జమున మీద పడింది. 

రాజం భార్య ముఖంలోకి చూశాడు. వచ్చిన తర్వాత మొదటిసారి చూశాడు.

"ఒక్క మాట చెప్తె అయిపోవు గద," అన్నాడు. గొంతులో కోపం లేదు. అలసిపోయినట్టు ఉంది. "ఆట అని ఎందుకు చెప్పలే?"

 జమున తమ్ముడి వైపు చూసింది. అరుణ్ ఇంకా ఆడుతూనే ఉన్నాడు. చూపించాల్సింది చూపించడం అయిపోయింది, పంచాయితీ తేలిపోయింది, అయినా అతని తల వంగే ఉంది, వేళ్ళు పరుగెడుతూనే ఉన్నాయి.

"బంద్ జెయ్యి అరుణ్," అంది.

"ఒక్కటే అక్కా. ఆఖరుకు వచ్చినం. గీ ఒక్కటి అయిపోనీ."

ఆ మాట ఆమెకు తెలుసు. ఆ మాటతోనే ఒక మధ్యాహ్నం గడిచింది. ఆమె ఫోన్ లాక్కోవడానికి మోకాళ్ళ మీద ముందుకు జరిగింది. ఫోన్‌లో గొంతు అప్పటికే మాట్లాడుతోంది, తీరుబడిగా, నవ్వుతూ, సొంతవాళ్ళతో మాట్లాడినట్టు.

"తమ్ముడూ, మీ ఇంటిల్లిపాదీ ఆడతారా ఏంటి? అప్పుడోసారి మీ ఇంట్లో పెద్దాయన కూడా ఒకటే కేకలు. 'లేపు బిడ్డా, జర లేపు' అని. అక్క చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది కదా, తనకి వినపడలేదు, మాకు మైకులో వినపడింది. ఈ వయసులో ఆయన కూడా పడ్డాడ్రా అని మేమంతా నవ్వుకున్నాం. ఇంతకీ ఆయన్ని ఎవరన్నా లేపారా?"

అరుణ్ వేళ్ళు ఆగిపోయాయి. తెర మీద ఆడబొమ్మ పడిపోయింది.

ఫ్యాను తిరుగుతోంది. లోపల హర్షిణి చదవడం మానేసింది. పోశవ్వ చెయ్యి జమున వీపు మీద అట్లాగే ఉంది, దాని బరువు మాత్రం మారింది. గంగుబాయి ముఖం మీద నవ్వు తడి ఇంకా ఆరలేదు. ఆమె ఏమీ అడగలేదు. అడగాల్సింది తమ్ముడి తల దగ్గర కూర్చున్ననాడే అడిగింది. జమున నేల మీద రెండు చేతులూ ఆనించి తల వంచుకుంది. వినపడిందని చెబుదామనుకుంది. మొదటి పిలుపు వినపడింది పెద్దమ్మా, అది విన్నాకే చెవుల్లో గట్టిగా నొక్కుకున్నా అని. 

పోశవ్వ చెయ్యి తీసింది. అరుణ్ చేతిలోంచి ఫోన్ తీసుకుంది. ఎట్లా పట్టుకోవాలో తెలియక రెండు అరచేతుల్లో పెట్టుకుని, దీపం పట్టుకున్నట్టు, ముఖం దగ్గరకు తెచ్చుకుంది.

"బిడ్డా," అంది. "గా పెద్దమనిషి ఇంకేమన్నడు?"

అవతల గొంతు తడబడింది. మీరెవరండీ అని అడిగింది.

"ఆయిన పెండ్లాన్ని. ఆయిన లేడు బిడ్డా. గా దినమే పోయిండు. ఆఖరుకు ఏం మాట్లాడిండో ఇన్నోళ్ళు ఎవ్వలు లేరు. నువ్వు ఇన్నవట. చెప్పు."

 తుపాకుల చప్పుడు ఆగిపోయింది. మనిషి ఊపిరి తీసుకోవడం వినపడింది.

"నాకు తెలీదమ్మా," అంది గొంతు. నవ్వు పోయింది. "దేవుడి మీద ఒట్టు, నాకు తెలీదు. ఆట అనుకున్నాం. అక్క పలక్కపోయేసరికి ఆయన కేకలు ఆపేశారు. ఆ తర్వాత మెల్లగా మాట్లాడారు. ఎవరికో ఫోన్ చేసుకున్నట్టున్నారు."

"ఎవలకు?"

తండ్రి పోయిన మధ్యాహ్నం తాను క్రేన్ మీద ఉన్నాననీ, ఫోన్ కింద గదిలో వదిలేశాననీ, చీకటి పడ్డాక గానీ కబురు తెలియలేదనీ రాజం అప్పట్లో అందరికీ చెప్పాడు. ఎడారిలో బతికే కొడుకు మాట, ఎవరూ రెండోసారి అడగలేదు. ఇప్పుడు అతను కుర్చీలోంచి లేచాడు. తల్లి చేతిలోని ఫోన్ వైపు రెండు అడుగులు వేశాడు. జమున తల ఎత్తింది. అతని ముఖంలో ఉన్నదేమిటో ఆమెకు అద్దంలో చూసుకున్నంత బాగా తెలుసు.

"ఇటివ్వు అవ్వా," అన్నాడు. "వాడేదో వాగుతుండు. ఇటివ్వు."

పోశవ్వ ఫోన్‌ను కొంగులోకి లాక్కుని కొడుక్కి వీపు తిప్పింది. కొంగు లోపలి నుంచి, బావిలోంచి వచ్చినట్టు, గొంతు వినపడింది.

"పేరు గుర్తుందమ్మా. రాజం అన్నారు. 'రాజం, కొడుకా, ఫోన్ పెట్టెయ్యకు' అన్నారు."